ప్యాచ్ కూడా మందే, అంటించే పద్ధతి ఎవరో ఒకరు చూపించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మందు ప్యాచ్‌ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారి ఉత్సాహం బాగుంది. కానీ ఇక సూదులూ మాత్రలూ అక్కర్లేదు, రేపో మాపో అన్ని మందులూ ఒంటికి అంటించుకునే స్టిక్కర్లుగా వచ్చేస్తాయి అన్నట్టు రాశారు. మర్నాడే ఒకాయన ఆ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని మా షాపుకు వచ్చారు. "అమ్మా, షుగరుకు స్టిక్కరు వచ్చిందంటగా, రోజూ పొడుచుకోలేక చస్తున్నా, ఒకటివ్వండి" అన్నారు. ఇంకా రాలేదండీ అంటే ముఖం చిన్నబోయింది. నేనే లోపల దాచిపెట్టి ఇవ్వడం లేదేమో అన్న అనుమానం కూడా ఆయన చూపులో కనిపించింది. ఈ ఉత్తరం రాయడానికి అదొక కారణం. అసలు కారణం కొంచెం కిందికి వెళ్లాక వస్తుంది. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పదంటే చరిత్ర కత్తిరించండి, జాగ్రత్తలు మాత్రం వదిలేయకండి.

నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మస్యూటిక్స్, అంటే మందుల తయారీ శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలులో మా ఆయన మందుల షాపులో పగటిపూట కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి పాఠం మొదలుపెడతానని మా ఆయన విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు.

ముందు ఇన్సులిన్ సంగతి. బయటిది లోపలికి, లోపలిది బయటికి పోకుండా ఆపడమే చర్మం పని. ఆ పనిలో ఎక్కువ భాగం చేసేది అన్నిటికన్నా పైన ఉండే పలచటి పొర. దాన్ని స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. మందం చాలా చోట్ల 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో పావు వంతు ఉంటే ఎక్కువ. పాఠ్య పుస్తకాలు దాన్ని ఇటుక గోడతో పోలుస్తాయి. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య నిండి ఉండే సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు సిమెంటు. మందు లోపలికి పోవాలంటే ఇటుకల చుట్టూ తిరిగి ఆ సిమెంటులోంచే దారి చేసుకోవాలి. సిమెంటు కొవ్వు కాబట్టి కొవ్వులో కరిగే గుణం ఉండాలి. దాని కింద నీరున్న కణజాలం ఉంది కాబట్టి నీళ్లలోనూ కాస్త కరగాలి. అణువు చిన్నదై ఉండాలి. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే కష్టమని 2000 సంవత్సరం నుంచి ఒక లెక్క ప్రచారంలో ఉంది. నికోటిన్ 162, గుండె నొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ 227, క్యాన్సర్ నొప్పికి వాడే ఫెంటానిల్ 336. ఇన్సులిన్ దాదాపు 5,800. ఇక వేరే చెప్పాలా?

అణువు చిన్నదైనంత మాత్రాన సరిపోదు. రోజుకు కొన్ని మిల్లీగ్రాములతోనే పని చేసేంత ఘాటు మందై ఉండాలి. సిగరెట్ మానడానికి వాడే పెద్ద ప్యాచ్ కూడా రోజుకు 21 మిల్లీగ్రాముల నికోటినే ఇస్తుంది. జ్వరానికి ఒక్క పూటకే 500 మిల్లీగ్రాములు మింగే పారాసిటమాల్‌ను ప్యాచ్‌గా చేయాలంటే ఒళ్లంతా చుట్టుకోవాలి. అందుకే 1979లో అమెరికాలో మొట్టమొదటి ప్యాచ్‌కు అనుమతి వచ్చినా, ఇన్నేళ్లలో ఈ దారిన వచ్చిన మందులు చేతివేళ్ల మీద కాకపోయినా, ఒక చిన్న జాబితాలో పట్టేస్తాయి. ఆ మొదటిది ప్రయాణంలో వాంతులు ఆపే స్కోపొలమిన్ ప్యాచ్. చెవి వెనక అంటించుకుంటే మూడు రోజులు పనిచేస్తుంది. చెవి వెనకే ఎందుకంటే అక్కడి చర్మం మందును బాగా లోపలికి వదులుతుంది.

ఇదంతా చదివి, చర్మం గుండా మందు పోవడమే పెద్ద గగనమన్నమాట అనుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకు రుజువు కావాలంటే మా ప్రకాశం జిల్లా పొగాకు పొలాలకు రమ్మంటాను. టంగుటూరు, కొండపి వైపు తెల్లవారుజామున మంచు పడ్డ ఆకు కోసి, చంకన పెట్టుకుని మోసే కూలీలకు కొన్ని రోజుల్లో తలతిప్పు, వాంతులు, నీరసం వస్తాయి. ఇంట్లోవాళ్లు పైత్యం అంటారు, ఎండెక్కితే వడదెబ్బ అంటారు. వైద్యశాస్త్రంలో దీనికి పచ్చి పొగాకు జబ్బు అని పేరుంది. ఆకులోని నికోటిన్ మంచు నీళ్లలోనూ చెమటలోనూ కరిగి, తడిసిన చర్మం గుండా రక్తంలోకి పోవడమే కారణం. బీడీ ముట్టని ఆడవాళ్లకు కూడా వస్తుంది. సిగరెట్ మానిపించడానికి వాడే ప్యాచ్‌లో ఉన్నదీ అదే నికోటిన్. తేడా అంతా ఎంత డోసు, ఎంత వేగంగా అన్నదాంట్లోనే. మిరప తోటల్లో చొక్కా తడిసేలా పురుగుమందు కొట్టేవాళ్లకు వచ్చే ప్రమాదం కూడా చాలా వరకు చర్మం గుండానే వస్తుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు, చేతులకు మాత్రం ఏమీ ఉండదు.

నైట్రోగ్లిజరిన్ కథ కూడా ఫ్యాక్టరీలోనే మొదలైంది. డైనమైట్ తయారుచేసే చోట కార్మికులకు సోమవారం వచ్చేసరికి తల పగిలిపోయే నొప్పి వచ్చేది, వారం గడిచేకొద్దీ తగ్గేది, ఆదివారం సెలవు తీసుకుంటే మళ్లీ మొదలు. గాలి ద్వారానూ చర్మం గుండానూ లోపలికి పోయే నైట్రోగ్లిజరిన్ రక్తనాళాలను వెడల్పు చేసేది. శరీరం దానికి వారంలో అలవాటు పడేది. ఈ అలవాటు పడడం అనేది ఇప్పుడు గుండె నొప్పి ప్యాచ్ వాడే ప్రతి ఒక్కరికీ సంబంధించిన విషయం. ప్యాచ్‌ను రోజంతా ఉంచుకుంటే మందు పని చేయడం తగ్గిపోతుంది. అందుకే డాక్టర్లు 12 నుంచి 14 గంటలు ఉంచి, మిగతా సమయం తీసేయమంటారు. సాధారణంగా రాత్రి పడుకునేటప్పుడు తీసేస్తారు. డబ్బులు పెట్టి కొన్నది కాబట్టి ఊడేదాకా ఉంచుకుందాం అనుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను.

ఇక చర్మం గుండా మందు ఎక్కువగా వెళ్లేలా చేయడానికి శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారో కాస్త చెప్పాలి. మీ వ్యాసంలో ఈ భాగం రెండు వాక్యాల్లో తేలిపోయింది.

అన్నిటికన్నా తేలికైన దారి కప్పి ఉంచడం. ప్లాస్టిక్ పొరతో కప్పితే చెమట బయటికి పోక చర్మం నానుతుంది, సిమెంటు వదులవుతుంది. కొన్ని స్టెరాయిడ్ క్రీములు ఇలా కప్పితే పది రెట్ల దాకా ఎక్కువ లోపలికి పోతాయి. పసిపిల్లలకు డైపర్ కింద రాసే క్రీము గురించి డాక్టర్లు అంత జాగ్రత్త చెప్పేది ఇందుకే. రెండో దారి రసాయనాలు కలపడం. ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్, ఒలీయిక్ యాసిడ్, మెంథాల్ లాంటివి ఆ కొవ్వు సిమెంటును కాసేపు సడలిస్తాయి. డీఎంఎస్ఓ అనే ద్రావకం మీద 1960లలో అమెరికాలో పెద్ద మోజు నడిచింది. అది చర్మం గుండా పోయిన కాసేపటికి నోట్లో వెల్లుల్లి వాసన వస్తుంది. అంత తొందరగా లోపలికి పోతుందన్నమాట! చిక్కల్లా ఏమిటంటే, మందుకు తలుపు తీసే రసాయనం మందు ఒక్కదాన్నే పంపి తలుపు మూయదు. చర్మం మంటెత్తుతుంది, ఎర్రబడుతుంది, పక్కనున్న అక్కర్లేనివీ లోపలికి పోతాయి. ల్యాబులో అద్భుతంగా పని చేసిన ఎన్నో రసాయనాలు ఈ మంట దగ్గరే ఆగిపోయాయి.

మా కాలేజీలో ఎం.ఫార్మసీ పిల్లలు ప్రాజెక్టుల కోసం ఈ ప్రయోగాలే చేసేవారు. ఫ్రాంజ్ సెల్ అని ఒక గాజు పరికరం ఉంటుంది. దాని రెండు భాగాల మధ్య పంది చెవి చర్మం బిగించి, పైన మందు పెట్టి, కింద ఒంట్లోని ద్రవానికి బదులుగా 37 డిగ్రీల దగ్గర బఫర్ అనే ద్రావణం తిప్పుతూ గంటగంటకూ కొంచెం తీసి ఎంత మందు దిగిందో కొలుస్తారు. పంది చెవే ఎందుకంటే అది మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుంది. కబేళా నుంచి తెచ్చిన చెవిని కడిగి, వెంట్రుకలు తీసి, కింద కొవ్వు గీకడం దగ్గరే సగం మంది పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఒకసారి ఒక కుర్రాడు ఎగిరి గంతేసినంత సంతోషంతో గ్రాఫ్ పట్టుకొచ్చాడు. వాడు కలిపిన నూనెతో మందు అందరికన్నా కొన్ని రెట్లు ఎక్కువ దిగింది. నాకు నమ్మబుద్ధి కాక ఆ చర్మం ముక్క తెమ్మని వెలుతురుకు పట్టి చూశాను. వెంట్రుకలు కత్తెరతో తీయకుండా రేజరు పెట్టి గొరిగాడు. సన్నటి గీత పడింది. గ్రాఫ్ మొత్తం ఆ గీత మహత్యమే.

ఇది చెప్పడానికి కారణం ఉంది. ఛాతీ మీద వెంట్రుకలున్న మగవాళ్లు ప్యాచ్ అంటించే ముందు నున్నగా గొరుక్కుంటారు. అది చేయకూడదు. పైపొర గీరుకుపోతే డోసు లెక్క తప్పుతుంది. కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే చాలు.

రసాయనాలు కాక కరెంటు దారి ఒకటి ఉంది. మందు అణువుకు విద్యుత్ ఆవేశం ఉంటే, అదే ఆవేశం ఉన్న ఎలక్ట్రోడ్ కింద పెడితే నెట్టబడి లోపలికి పోతుంది. ఫ్రాన్సులో లెదూక్ అనే ఆయన 1900ల మొదట్లోనే కుందేళ్ల మీద విషాలతో దీన్ని రుజువు చేశాడు. కరెంటు ఒక దిక్కున ఇస్తే కుందేలు చనిపోయేది, దిక్కు మారిస్తే ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు అరచేతుల్లో విపరీతంగా చెమట పట్టేవాళ్లకు ఈ పద్ధతి వాడుతున్నారు. మైగ్రేన్ కోసం బ్యాటరీతో పని చేసే ప్యాచ్ ఒకదానికి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది కానీ, చర్మం కాలుతోందన్న ఫిర్యాదులతో 2016లో అమ్మకం ఆపేశారు. అల్ట్రాసౌండ్ దారి ఇంకొకటి. ముంబైలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన సమీర్ మిత్రగోత్రి 1995లో మరో ఇద్దరితో కలిసి, తక్కువ పౌనఃపున్యం ఉన్న అల్ట్రాసౌండ్‌తో ఇన్సులిన్ లాంటి పెద్ద అణువులు కూడా చర్మం దాటగలవని చూపించారు. ఫిజియోథెరపీ సెంటర్లలో జెల్ రాసి తిప్పే మెషిన్‌ను చూసి అదీ ఇదేనా అని అడుగుతారు. సూత్రానికి చుట్టమే, కానీ ఆ మెషిన్ల పౌనఃపున్యం చాలా ఎక్కువ. మందును లోపలికి పంపడంలో వాటి శక్తి పరిమితం.

నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించేది మైక్రోనీడిల్. వెంట్రుక చివరంత సన్నటి ముళ్లు వందల కొద్దీ ఉన్న చిన్న బిళ్ల. ముళ్ల పొడవు మిల్లీమీటరు లోపే. పైపొరను దాటుతాయి కానీ నొప్పి తెలిసే నరాల దాకా పెద్దగా పోవు. ఆలోచన 1976 నాటి పేటెంటులో ఉంది. అంత సన్నగా తయారుచేసే పనితనం వచ్చాక 1998లో అమెరికాలోని జార్జియా టెక్‌లో మొదటిసారి చేసి చూపించారు. 2024లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన గాంబియా దేశపు ట్రయల్‌లో తట్టు, రుబెల్లా టీకాను ఇలాంటి ప్యాచ్‌తో పసిపిల్లలకు ఇచ్చి, సూదితో ఇచ్చినదానికి తీసిపోకుండా రక్షణ వస్తోందని చూశారు. ఫ్రిజ్ అంతగా అక్కర్లేని, సూది చెత్త మిగలని టీకా వస్తే తండాలకు, గూడేలకు టీకా పెట్టె మోసుకెళ్లే ఏఎన్‌ఎమ్‌ల కష్టం ఎంత తగ్గుతుందో ఊహించుకోండి. మీ వ్యాసకర్త ఉత్సాహం ఇక్కడ చూపించి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. ఇన్సులిన్‌ను ఇలా ఇచ్చే ప్రయత్నాలు కూడా ల్యాబుల్లో నడుస్తున్నాయి. కానీ షాపుకొచ్చి అడిగే రోజు ఇంకా రాలేదు.

ఇక అసలు విషయం. కొత్త ప్యాచ్‌లు ఎప్పుడొస్తాయో గానీ, ఇప్పుడున్నవి వాడే పద్ధతే మన ఇళ్లలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చెప్పే దిక్కు లేదు.

ఈమధ్య ఒకమ్మాయి వాంతులకు మాత్ర కావాలని వచ్చింది. ఎవరికమ్మా అంటే మామగారికి అంది. మతిమరుపు జబ్బుకు మందులు వాడుతున్నారట. ఏం మందులో చూపించమంటే ఫోన్‌లో ఫొటోలు తీసింది. మందుల చీటీ తరవాత మామగారి వీపు ఫొటో వచ్చింది. "ఇక్కడ అంటిస్తున్నానండీ" అంది. వీపు మీద నాలుగు గుండ్రటి బిళ్లలున్నాయి. అవి రివాస్టిగ్‌మిన్ ప్యాచ్‌లు. ఒక్కోటి 24 గంటలు ఉంచి, పాతది తీసేసి, కొత్తది వేరే చోట అంటించాలి. అదే చోట మళ్లీ 14 రోజుల దాకా అంటించకూడదు. పెద్దాసుపత్రిలో రోజుకొకటి అంటించమన్నారట. పాతది తీయమని మాత్రం ఎవరూ అనలేదు. ఎంత శ్రద్ధగల కోడలంటే, చోటు మార్చాలన్న ఒక్క విషయం ఎక్కడో విని, వీపు మీద వరసగా ఖాళీ చూసుకుంటూ అంటించుకొచ్చింది. ముందు ఇంటికి ఫోన్ చేయించి అన్నీ తీయించి, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. ఆ మందు మోతాదు మించితే వాంతులే కాదు, గుండె వేగం కూడా పడిపోతుంది. పెద్దాయన బాగానే ఉన్నారు. నేను వాంతుల మాత్ర ఇచ్చి పంపించి ఉంటే ఏమయ్యేదో!

ఇంతకన్నా భయపెట్టేది ఫెంటానిల్. క్యాన్సర్ చివరి దశలో మాత్ర మింగలేనివాళ్లకు అది పెద్ద ఆసరా. ఒక ప్యాచ్ 72 గంటలు పని చేస్తుంది. వాడొద్దని నేను అనడం లేదు. మన దగ్గర నొప్పి మందులకు భయపడి రోగులను విలవిల్లాడేలా వదిలేయడమే ఎక్కువ. కానీ ఇది చర్మం గుండా పోయే వేగం వేడిని బట్టి మారుతుంది. ఒళ్లు 40 డిగ్రీల జ్వరంతో కాలుతుంటే రక్తంలో మందు సుమారు మూడో వంతు పెరగవచ్చని కంపెనీ కాగితంలోనే ఉంటుంది. నొప్పి తగ్గలేదని ప్యాచ్ మీద వేడినీళ్ల సంచి పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. చలికాలం కదా అని విద్యుత్ దుప్పటి కప్పినవాళ్లూ ఉన్నారు. అంటించిన వెంటనే నొప్పి తగ్గదు. మందు పూర్తిగా అందుకోవడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆలోగా తొందరపడి రెండోది అంటిస్తారు. తీరా ఎక్కువై మత్తు కమ్మితే ప్యాచ్ పీకేసినా చర్మంలో నిలవున్న మందు ఇంకా గంటల తరబడి దిగుతూనే ఉంటుంది. మనిషి లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే ప్యాచ్ తీసేసి వెంటనే 108కి ఫోన్ చేయాలి. పొద్దునదాకా చూద్దాం అనుకోకూడదు.

ఇంకో పొరపాటు, నొప్పి ఉన్నచోటే అంటించడం. మోకాలి నొప్పికి వేసే డైక్లోఫినాక్ ప్యాచ్ అయితే నొప్పి దగ్గరే అంటించాలి, నిజమే. ఫెంటానిల్, బుప్రినార్ఫిన్ అనే ఇంకో నొప్పి మందు అలా కాదు. అవి రక్తంలో కలిసి పని చేస్తాయి. ఛాతీ పైభాగం, వీపు, భుజం లాంటి చదునైన చోట అంటించాలి. రెండు రకాలూ చూడ్డానికి ఒకేలా ఉండే స్టిక్కర్లే కాబట్టి ఇంట్లో వాళ్లను ఏమనగలం? వాడేసిన ఫెంటానిల్ ప్యాచ్‌లో కూడా చాలా మందు మిగిలే ఉంటుంది. చెత్తబుట్టలో పడేస్తే దేకే పిల్లవాడు తీసి ఒంటికి అంటించుకోవచ్చు, నోట్లో పెట్టుకోవచ్చు. విదేశాల్లో పిల్లలు ఇలాగే చనిపోయారు. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకు అందకుండా ఉంచి, ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించడం మేలు.

మన వాతావరణం గురించి రెండు మాటలు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకు చెమటపట్టి ఏ ప్యాచ్ అయినా అంచులు లేస్తుంది. స్నానం చేసి కొబ్బరినూనో పౌడరో రాసుకున్న ఒంటి మీద అయితే అసలు అంటదు. మామూలు నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, అంటించి, అరచేత్తో అరనిమిషం గట్టిగా అదిమి పట్టాలి. కత్తెరతో సగం చేసి రెండు రోజులు సరిపెడదాం అనుకోవద్దు. కొన్నిటిలో మందు జెల్ రూపంలో సంచిలో ఉంటుంది, కత్తిరిస్తే అంతా ఒక్కసారే కారిపోతుంది. ఎమ్మారై స్కాన్‌కు వెళ్లేటప్పుడు ప్యాచ్ ఉందని అక్కడ చెప్పండి. కొన్ని ప్యాచ్‌ల వెనక అల్యూమినియం పొర ఉంటుంది, స్కాన్‌లో వేడెక్కి చర్మం కాలిన సందర్భాలు ఉన్నాయి.

క్రీములు, బామ్‌లు ఈ లెక్కలోకి రావనుకోకండి. 1967లో అమెరికాలో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్‌ను శరీరంలో వేరువేరు చోట్ల రాసి ఎంత లోపలికి పోతుందో కొలిచారు. ముంజేతి లోపలి వైపు 1 అనుకుంటే, అరికాలి దగ్గర 0.14, నుదుటి మీద 6, దవడ దగ్గర 13, వృషణాల చర్మం మీద 42. గజ్జల్లో తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి రాసుకునే కుర్రాళ్లు, తెల్లబడాలని బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ క్రీము ముఖానికి రాసుకునే ఆడపిల్లలు ఈ అంకెలు ఒకసారి చదవాలి. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్‌లోకి తెచ్చింది. చీటీ లేకుండా ఎన్ని అమ్ముడవుతున్నాయో మా వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఘాటు వాసన వచ్చే మిథైల్ సాలిసిలేట్ బామ్‌లు ఒళ్లంతా మర్దనా చేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. అరికాలి లెక్క చూశారు కదా, రాత్రి అరికాళ్లకు అంటించుకుంటే పొద్దునకు నల్లబడి ఒంట్లో విషమంతా లాగేస్తాయని ఆన్‌లైన్‌లో అమ్మే పట్టీలు ఉన్నాయి. ఒట్టి నీటి చుక్క వేసినా అవి నల్లబడతాయి. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోండి.

ఇప్పుడు నా మనవి. ప్యాచ్ పెట్టెలో ఉండే కాగితం ఇంగ్లిషులో, చీమల బారు అక్షరాల్లో ఉంటుంది. దాన్ని భూతద్దం పెట్టి చదవమని మోకాళ్ల నొప్పి ముసలమ్మకు చెప్పలేం. ప్యాచ్ రాసే ఆసుపత్రులు తెలుగులో, బొమ్మలతో ఒక్క పేజీ కాగితం మందుల చీటీకి పిన్ను కొట్టి ఇవ్వాలి. ఎక్కడ అంటించాలి, ఎన్ని గంటలు, ఎప్పుడు తీయాలి, వాడాక ఏం చేయాలి, అంతే. అంటించే ప్రతి ప్యాచ్ మీద తేదీ, గంట బాల్‌పెన్‌తో రాసే అలవాటు ఇంట్లోవాళ్లకు నేర్పాలి. అంటించాక గట్టిగా గుచ్చి రాయకుండా, ముందే రాసి అంటించాలి. రోగికి మందు వాడే పద్ధతి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత అని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో స్పష్టంగా ఉంది. కానీ ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటే, మనిషి ఎక్కడో వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న షాపులు లేవని ఎవరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరు? ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు, ఈ ప్యాచ్ ఎలా అంటించాలో చూపించు అని కౌంటర్‌లో ఉన్నవాణ్ని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, తేలిపోతుంది.

మీ పత్రికకు ఒక కోరిక. ఆరోగ్యం పేజీలో పావు పేజీ ఇవ్వండి. మనిషి ముందు, వెనక బొమ్మ ఒకటి వేసి, ఏ ప్యాచ్ ఎక్కడ, ఎంతసేపు అని గుర్తులు పెడదాం. జనం కత్తిరించి గోడకు అంటించుకుంటారు. బొమ్మ గీయగల నా పాత విద్యార్థి ఒకడు విజయవాడలో ఉన్నాడు, డబ్బులు అడగడు. సమాచారం నేను సరిచూసి ఇస్తాను. ఒక డాక్టరు చేత కూడా చూపించాకే వేయండి. వేసవి రాకముందే వేస్తే మేలు.

ఇట్లు,
రిటైర్డ్ ఫార్మసీ లెక్చరర్,
ఒంగోలు.